అందినట్టు సంతకం

నర్ది చెక్కను బాడిశతో దిద్ది, ఆకురాయి పట్టి,
ఉప్పుకాగితంతో అరచేతులు మండేదాకా రుద్దితే గాని
గరిటె కాదు.
పూటకు నాలుగు. చెయ్యి బాగుంటే ఐదు.
గరిటెకు నాకు మిగిలేది ముప్పై.
ఆ లెక్కన పద్దెనిమిది వేలంటే ఎన్ని గరిటెలో
వేళ్ళమీద లెక్కేస్తా వేస్తా
మధ్యలో ఆపేశాను.

దర్గామిట్టలో గది, ఒళ్ళో కంప్యూటరు,
పేరు వినీల్.
ఉదయగిరి బస్సు దిగి ఎండలో నడిచొచ్చినాడు.
పిట్టగోడ మీద గరిటెల్ని వరసగా నిలబెట్టి
ఫొటోలు తీశాడు, పెళ్ళికూతుళ్ళకు తీసినట్టు.
"మస్తాన్‌బీ అక్కా, ఇంక దళారి అక్కర్లేదు,
ఢిల్లీవాళ్ళు నేరుగా నీ దగ్గరే కొంటారు" అన్నాడు.
చేపల పులుసు రెండుసార్లు వడ్డించుకున్నాడు.
పాతికవేల పనికి పద్దెనిమిది ముందే పంపాను.
"అక్కా, డబ్బు ముట్టింది" అని మెసేజి.

ఆ తర్వాత రేపు.
రేపు కరెంటు లేదు, రేపు తాతకు బాగలేదు,
రేపు ఖాయం అక్కా.
నీలం గీతలు రెండూ బూడిదరంగుకు తిరిగాయి,
బూడిదరంగు ఒక్క గీతయింది.
ఎనిమిది నెలలు.

లాయరు పెంచల భారతి
ఫ్యాను కింద ఎగిరే కాగితాల మీద
నేనిచ్చిన గరిటెనే బరువు పెట్టింది.
"ఏం రాసుకున్నారు?"
ఏమీ రాసుకోలేదు.
"ఫోనివ్వు."
చదివి నవ్వింది: "ముట్టిందన్నాడు గదా, ఇదే మన పత్రం.
తుడపబాకు."

ఎగ్గొట్టాలనే మొదటిరోజు వచ్చుంటే అది మోసం,
పోలీసు స్టేషను.
చేద్దామనుకొని చెయ్యకపోతే మాట తప్పడం,
సివిలు దావా, మూడేళ్ళ లోపల.
నెల్లూరు కమిషనుకు పోతే రెండేళ్ళు గడువు,
అక్కడ అవతలివాళ్ళు "వ్యాపారం కోసం కొనింది,
వినియోగదారు కాదు" అంటారు,
మనం "పొట్టకూటి కోసం" అనాలి.
నా పొట్టకూడు చట్టంలో రాసుందని
నలభై మూడేళ్ళకు తెలిసింది నాకు.
లోక్ అదాలత్‌లో ఖర్చు లేదు,
అయితే అతను రావాల.
"ముందు నోటీసు" అంది.

జెరాక్సు కొట్లో పదకొండు పేజీలు.
"రేపు" కింద ఎర్రపెన్నుతో గీతలు గీస్తా పోయాను.
ముప్పై ఒకటి.
ముప్పై రెండోది నాదే,
"రేపైనా ఇస్తావా నాయనా" అని.

ఒకటి చెప్పాలి, లాయరుకు చెప్పలేదు.
మొన్నటేడు వానకు చెక్కంతా చెమ్మబట్టి
కావలి హోటలాయన ఫోర్కులు నిట్టనిలువునా పగిలాయి.
అడ్వాన్సు అప్పటికే బియ్యమైపోయింది.
తొమ్మిది రోజులు ఆయన ఫోను ఎత్తలేదు నేను.
ఎత్తని కొద్దీ బరువెక్కుతుంది ఫోను.
పదోరోజు ఎత్తాను, తిట్లు తిన్నాను,
సగం సరుకు, సగం డబ్బు ఇచ్చుకున్నాను.
ఆ పదోరోజు ఎట్టుంటుందో
ఆ పిల్లోడికెవరన్నా చెప్తే బాగుండు.

"పని ఇచ్చినా సరే, డబ్బిచ్చినా సరే అని రాయండి" అన్నాను.
"నోటీసులో జాలి మాటలుండవమ్మా" అని
కళ్ళజోడు తుడుచుకొని రాసింది:
ఇది అందిన పదిహేను దినములలోగా
సదరు పని పూర్తిచేసి గానీ
సదరు పైకము వాపసు చేసి గానీ...
అచ్చం నా మాటే,
కోటు తొడుక్కోనుంది.

ఇయ్యాల పోస్టాయన కార్డు తెచ్చాడు.
వెనక వంకరగా, తొందరగా,
వినీల్ సంతకం. కింద తేదీ.
ఎనిమిది నెలల్లో
అతను పూర్తిచేసి పంపిన పని ఇదొకటే.

కార్డును అద్దం సందులో దోపాను.
గడువింకా పదకొండు రోజులుంది.
బాడిశ మొద్దుబారింది,
సాన తీసుకురమ్మని
పిల్లదాన్ని కేకేశాను.